పత్తి గింజపై పదునైదేండ్ల వ్యాజ్యము

విత్తు ముందా, చెట్టు ముందా అని మన పెద్దలు వాదులాడుకొనుట కలదు. తీరని తగవునకు అది పేరుపడిన సామెత. అటువంటి తగవే ఒకటి మన కాలమున నిజముగా న్యాయస్థానముల గడప తొక్కినది. పత్తి గింజలో ఒక కొత్త గుణమును చేర్చినవాడు ఆ గింజకంతకును యజమాని యగునా? ఆ గింజను మొలిపించి కాయ కాయించు రైతు అతనికి ఏటేట కప్పము కట్టవలసినదేనా? ఈ ప్రశ్నలను చుట్టుకొని 2006 మొదలు 2021 వరకు పదునైదేండ్లపాటు కమిషను ఎదుటను, హైకోర్టులోను, సుప్రీం కోర్టులోను వాదములు నడచినవి. తొలుత వాదులాడినవారు మన రాష్ట్ర ప్రభుత్వమును, విత్తన గుణమును అమ్మిన కంపెనీయు. పిదప వాదులాడినవి ఒక అమెరికా కంపెనీయు, నూజివీడు పేరు గల మన తెలుగు కంపెనీయు. రుసుము మోసినవారు మాత్రము మొదటినుండి చివరి వరకు పత్తి రైతులే. ఈ కథ వరంగల్లు చేల గట్టుమీద నిలిచి చూచిన ఎట్లుండునో శ్రోతలకు వినిపింపవలెనని మా తలంపు.

వరంగల్లునకు పత్తితో పరిచయము నిన్న మొన్నటిది కాదు. 13వ శతాబ్ది చివర ఈ రాజ్యమును గూర్చి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఇచ్చటి సన్నని బట్టలను సాలెగూటితో పోల్చి మెచ్చుకొనెను. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున 1934లో ఆజం జాహీ మిల్లు ఇచ్చట వెలసెను. దాని గొట్టపు కూత వినియే ఊరు మేలుకొన్న రోజులు పెద్దలకు ఇప్పటికిని గుర్తే. మిల్లు మూతబడినను పత్తి మాత్రము వరంగల్లును విడువలేదు. దసరా దాటినది మొదలు ఏనుమాముల మార్కెట్టు యార్డునకు పత్తి బండ్లును, లారీలును బారులు తీరుట నేటికిని చూచుచున్నాము.

అయితే నేడు యార్డునకు వచ్చు పత్తి మన తాతల నాటి పత్తి కాదు. తాతలు విత్తినది నాటు పత్తి. దూది తీయగా మిగిలిన గింజలలో మేలైనవి ఏరి, పేడనీటిలో కలిపి, ఆరబెట్టి మరుసటి ఏడు అవే విత్తెడివారు. గింజకై అంగడికి పోవలసిన పని లేకుండెను. 1970లో సూరతు పరిశోధన క్షేత్రమున సి. టి. పటేలు అను శాస్త్రజ్ఞుడు హెచ్-4 అను సంకర పత్తిని విడుదల చేసెను. వ్యాపార సరళిని సాగునకు వచ్చిన సంకర పత్తులలో ప్రపంచమున అదియే మొదటిది. సంకరమనగా రెండు రకములను పెండ్లి చేయుట వంటిది. ఒక రకపు మొగ్గనుండి కేసరములను చేతితో తొలగించి, మరియొక రకపు పుప్పొడిని దానికి అద్దవలెను. అట్లు పుట్టిన గింజ ఏపుగా పెరిగి ఎక్కువ కాయలు కాయును. కాని దాని గింజను దాచి మరుసటి ఏడు విత్తినచో గుణములు చెదరిపోవును. ఒక మొక్క పొడవు, ఒక మొక్క పొట్టి. ఒకటి కాయును, మరియొకటి కాయదు. కావున సంకర పత్తి పెట్టువాడు ఏటేట గింజ కొనవలసినదే. ఈ ఒక్క సంగతిని శ్రోతలు మనసున నుంచుకొందురు గాక. మా కథకు ఇరుసు ఇదియే.

వరంగల్లు నల్లరేగళ్ళలోనే గాక, నీరు నిలువని చల్క నేలలలోను 1980 తరువాత సంకర పత్తి వేగముగా వ్యాపించెను. జొన్నయు, కందియు, ఆముదమును తగ్గినవి. గింజ, ఎరువు, పురుగుమందు, వానితోపాటు అప్పు, ఈ నాలుగును ఒకే దుకాణమున దొరకుట ఆచారమయ్యెను. పండిన పంటయు తరచు ఆ దుకాణమునకే తూగెడిది. 1997-98 పంటకాలమున వానలు అదను తప్పినవి. పొగాకు లద్దెపురుగును, శనగపచ్చ పురుగును చేలను చుట్టుముట్టినవి. ఎన్నిమార్లు మందు కొట్టినను పురుగు లొంగలేదు. పంట పోయినది, అప్పు నిలిచినది. ఆ ఏడు వరంగల్లు జిల్లాలో పత్తి రైతులు వరుసగా ఆత్మహత్యలు చేసికొన్న వార్తలు దేశమునంతను కలచివేసినవి. పురుగునకై కొన్న మందే రైతు ప్రాణమును తీసిన ఇండ్లు అనేకము.

పురుగు తాకని పత్తి వచ్చుచున్నదను మాట అట్టి కాలమున చెవిని పడిన, రైతు దానిని ఎట్లు కాదనగలడు? నేలలో బాసిల్లస్ థురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి యొకటి కలదు. 1911లో జర్మనీ దేశమున థురింజియా ప్రాంతపు పిండిపురుగులలో దానిని గుర్తించి ఆ పేరు పెట్టిరి. అది తయారుచేయు మాంసకృత్తు కాయతొలుచు పురుగుల కడుపున విషమై పనిచేయును. ఆ మాంసకృత్తునకు మూలమైన జన్యువును పత్తిమొక్కలో చేర్చగా వచ్చినదే బి.టి. పత్తి. అమెరికాకు చెందిన మొన్‌శాంటో కంపెనీ దానిని సిద్ధపరచి బోల్‌గార్డు అని పేరు పెట్టెను. మహారాష్ట్రకు చెందిన మహికో అను విత్తన కంపెనీతో కలిసి 1998లో మహికో మొన్‌శాంటో బయోటెక్ అను ఉమ్మడి సంస్థ ఏర్పడెను. 2002 మార్చి 26వ తేదీన కేంద్ర ప్రభుత్వపు అనుమతుల సంఘము మహికోవారి మూడు బి.టి. సంకరములకు అనుమతి నిచ్చినది. మన దేశమున ప్రభుత్వానుమతితో సాగైన జన్యుమార్పిడి పంటలలో ఇదియే తొలిది.

తొలి ఏండ్ల అనుభవము అందరికిని ఒకే తీరుగా లేదు. కొందరికి మందుల ఖర్చు తగ్గినది. మరికొందరికి, ముఖ్యముగా వరంగల్లు వంటి వానాధారపు జిల్లాలలో, పైరు ఎండి పెట్టుబడియు రాలేదు. నష్టపరిహారమునకై గొడవలు జరిగినవి. ఆ మూడు సంకరములకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి 2005లో పొడిగింపబడలేదు. అయినను అదే జన్యువును లైసెన్సు మీద తీసికొని తమ సంకరములలో చేర్చిన ఇతర కంపెనీల గింజ అంగడికి వచ్చినది. రైతు దానివైపు మళ్ళెను.

ఇక ధర సంగతి. ఒక ఎకరమునకు సరిపడు 450 గ్రాముల పొట్లము వెల 1,850 రూపాయలు. సాధారణ సంకరపు పొట్లము నాలుగైదు వందలకు దొరకు రోజులవి. ఆ 1,850 రూపాయలలో 1,250 రూపాయలు ట్రెయిట్ వాల్యూ అను పేర జన్యువుకు కట్టిన రుసుము. అనగా రైతు చెల్లించిన ప్రతి మూడు రూపాయలలో రెండు గింజకు గాక, గింజలోని గుణమునకు పోయినవి. ఇచ్చట చాలమంది ఎరుగని విశేషమొకటి కలదు. ఆ మొదటి బోల్‌గార్డు జన్యువుకు మన దేశమున పేటెంటు లేదు. రుసుమునకు ఆధారము కంపెనీకిని, దాని లైసెన్సుదారులకును మధ్య గల ఒడంబడిక మాత్రమే. ఆ ఒడంబడికలో రైతు సంతకము లేదు. రైతు జేబు మాత్రము కలదు.

ఈ తగవు 2006 జనవరిలో చట్టము ముందునకు వచ్చెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార, నిర్బంధ వ్యాపార పద్ధతుల కమిషను నాశ్రయించి, ఈ రుసుము న్యాయముకానిదనియు, పోటీ లేని స్థితిని ఆసరా చేసికొని వసూలు చేయుచున్నారనియు వాదించినది. చైనాలో ఇదే గుణమునకు వసూలగునది ఎంతో తక్కువ అనునది ప్రభుత్వపు వాదములలో ముఖ్యమైనది. 2006 మే నెలలో కమిషను మధ్యంతరముగా రుసుమును తగ్గింపవలెనని ఆదేశించెను. వెనువెంటనే రాష్ట్ర ప్రభుత్వము 450 గ్రాముల పొట్లమును 750 రూపాయలకు మించి అమ్మరాదని కట్టడి చేసినది. కంపెనీ సుప్రీం కోర్టునకు పోయెను గాని, ఆ ఆదేశము అమలు ఆగలేదు. పొరుగు రాష్ట్రములును అదే బాట పట్టినవి. మరుసటి ఏడు, 2007లో, పత్తి విత్తనముల సరఫరాను, ధరను నియమించుటకు రాష్ట్రము ప్రత్యేకముగా ఒక చట్టమునే చేసినది. వరంగల్లు రైతు ఆ తొలకరిని ఎకరమునకు పదునొకండు వందల రూపాయలు తక్కువకు గింజ కొనెను. పదునైదేండ్ల వ్యాజ్య చరిత్రలో రైతు చేతికి నేరుగా అందిన తొలి ఫలము ఇదియే.

కథ ఇచ్చటితో ముగియలేదు. 2006లోనే రెండవ తరపు బోల్‌గార్డు వచ్చినది. దానిలో ఒక జన్యువునకు బదులు రెండు జన్యువులు. ఆ రెండవ జన్యువునకు సంబంధించి మొన్‌శాంటో 1999 నవంబరు నాటి దరఖాస్తు మీద 2008 ఫిబ్రవరిలో మన దేశమున పేటెంటు పొందెను. దాని సంఖ్య 214436. పేటెంటు ఆయువు దరఖాస్తు తేదీనుండి ఇరువది సంవత్సరములు. ఇప్పుడు రుసుమునకు ఒడంబడికతోపాటు పేటెంటు అను రెండవ ఊతకోల దొరికినట్లయ్యెను.

మన పేటెంటు చట్టము ఏమి చెప్పుచున్నదో ఇచ్చట కొంచెము వివరింపవలెను. 1970 నాటి మన చట్టము వ్యవసాయ పద్ధతులకు పేటెంటు నిరాకరించెను. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు, సూక్ష్మజీవులకైనను పేటెంటు ఇయ్యవలెననియు, మొక్కల రకములకు పేటెంటు ఇయ్యని దేశములు వేరొక రక్షణ కల్పింపవలెననియు ఒప్పందము కుదిరెను. దానికి లోబడి పార్లమెంటు రెండు పనులు చేసినది. పేటెంటు చట్టపు మూడవ సెక్షనులో ఒక ఉపనిబంధనను చేర్చి, సూక్ష్మజీవులు తప్ప మొక్కలును, జంతువులును, వాని భాగములును, విత్తనములును, రకములును పేటెంటునకు తగినవి కావని శాసించెను. వేరుగా 2001లో మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టమును చేసెను. రైతు తన పంటను, అందులో విత్తనమును సైతము, దాచుకొనవచ్చును, తిరిగి విత్తవచ్చును, ఇరుగుపొరుగులతో మార్చుకొనవచ్చును, కంపెనీ పేరు పెట్టి అమ్మక, విడిగా అమ్ముకొనను వచ్చును. ఇంత స్పష్టముగా రైతు హక్కును చట్టమున వ్రాసికొన్న దేశములు ప్రపంచమున అరుదు.

ఇతర దేశములలో జరిగినది చూచిన దీని విలువ తెలియును. 1980లో అమెరికా సుప్రీం కోర్టు ఆనంద మోహన చక్రవర్తి అను వంగ శాస్త్రజ్ఞుడు సిద్ధపరచిన సూక్ష్మజీవికి పేటెంటు చెల్లునని ఐదుగురు నలుగురుగా తీర్పు చెప్పినది. జీవముగల పదార్థము మీద హక్కునకు అది తలవాకిలి తెరచినది. 2004లో కెనడా సుప్రీం కోర్టు పెర్సీ ష్మైజర్ అను రైతు తన చేలో మొన్‌శాంటో జన్యువు గల ఆవజాతి నూనెపంటను దాచి విత్తుట పేటెంటును అతిక్రమించుటయే యని, అదియు ఐదుగురు నలుగురుగానే, నిర్ణయించెను. అయితే అతడు కంపెనీకి సొమ్ము చెల్లింపనక్కర లేదని విడిచిపెట్టెను. 2013లో అమెరికా సుప్రీం కోర్టు ఇండియానా రాష్ట్రపు సోయా రైతు బౌమన్‌పై కంపెనీ తెచ్చిన దావాలో, కొనిన గింజను మొలిపించి కొత్త గింజలు చేసికొను హక్కు రైతునకు లేదని ఏకగ్రీవముగా చెప్పెను. గింజ తనంతట తానే గింజను పుట్టించును గదా, నేను చేసిన తప్పేమని బౌమన్ అడిగెను. కోర్టు ఆ మాటను ఒప్పుకొనలేదు. మన దేశమున ఆ మాటకు చట్టమే అండగా నిలిచినది.

ఇక అసలు వ్యాజ్యమునకు వత్తము. నూజివీడు సీడ్స్ అను కంపెనీ కృష్ణాజిల్లా నూజివీడులో పుట్టి హైదరాబాదున పెరిగి, దేశమున పెద్ద పత్తి విత్తన సంస్థలలో ఒకటియైనది. 2004 ఫిబ్రవరి 21వ తేదీన అది మొన్‌శాంటో వర్గముతో పదేండ్ల ఉపలైసెన్సు ఒడంబడిక చేసికొనెను. 2015 మార్చి 10న అది పొడిగింపబడెను. రాష్ట్రములు గింజ ధరను కట్టడి చేయుచుండగా ఒడంబడికలోని పూర్తి రుసుము ఎట్లు చెల్లింతుమని నూజివీడు వాదము. వ్రాసికొన్న మాట వ్రాసికొన్నట్లే చెల్లవలెనని మొన్‌శాంటో వాదము. 2015 నవంబరు 14న మొన్‌శాంటో ఒడంబడికను రద్దు చేసెను. ఆ డిసెంబరులోనే కేంద్ర ప్రభుత్వము పత్తి విత్తనముల ధర నియంత్రణకు ఉత్తరువు వెలువరించి, 2016 మార్చిలో రెండవ తరపు బోల్‌గార్డు పొట్లమునకు దేశమంతట 800 రూపాయల ధరను, అందులో జన్యు రుసుము 49 రూపాయలని నిర్ణయించినది. అంతకుముందు ఆ రుసుము 163 రూపాయలుగా ఉండెను. ఒడంబడిక రద్దయిన తరువాతను తమ పేటెంటును వాడుచున్నారని మొన్‌శాంటో ఢిల్లీ హైకోర్టున దావా వేసెను. మీ పేటెంటే చెల్లదని నూజివీడు ఎదురుదావా వేసెను.

2017 మార్చి 28న ఏకసభ్య న్యాయమూర్తి ఆర్. కె. గౌబా మధ్యే మార్గమున ఉత్తరువిచ్చిరి. దావా తేలువరకు ఇరుపక్షములును ఒడంబడికకు కట్టుబడియే ఉండవలెను. రుసుము మాత్రము ప్రభుత్వము నిర్ణయించిన చొప్పున చెల్లవలెను. పేటెంటు చెల్లునా చెల్లదా యనునది సాక్ష్యములు తీసికొని తేల్చవలసిన విషయము. ఈ ఉత్తరువు ఇరువురికిని రుచింపలేదు. ఉభయులును డివిజన్ బెంచికి అప్పీలు చేసికొనిరి.

2018 ఏప్రిల్ 11న న్యాయమూర్తులు ఎస్. రవీంద్ర భట్, యోగేశ్ ఖన్నాల బెంచి తగవు మూలమునకే పోయెను. ప్రయోగశాలలో జన్యుఖండమును కూర్చుట మానవుని నేర్పే కావచ్చును. కాని అది మొక్కలో ప్రవేశించిన పిదప మొక్కలో భాగమగును. ఆ మొక్కను ఇతర రకములతో సంకరము చేసి గుణమును తరలించుట ప్రకృతి సహజమైన పెంపక ప్రక్రియ. చట్టము మొక్కలను, విత్తనములను, అట్టి ప్రక్రియలను పేటెంటు పరిధినుండి తొలగించినది గనుక ఈ పేటెంటు చెల్లదు. రక్షణ కావలెనన్న మొక్కల రకాల చట్టము క్రింద కోరుకొనవచ్చును. ఇదియే బెంచి వారి తర్కము. ఈ తీర్పు నిలిచియుండినచో, మన దేశమున విత్తనపు గుణముపై పేటెంటు పేరిట రుసుము అడుగుటకే తావు లేకపోయెడిది.

అది నిలువలేదు. 2019 జనవరి 8న సుప్రీం కోర్టున న్యాయమూర్తులు రోహింటన్ నారిమన్, నవీన్ సిన్హాలు డివిజన్ బెంచి తీర్పును కొట్టివేసిరి. పేటెంటు చెల్లునని వారు చెప్పలేదు, చెల్లదనియు చెప్పలేదు. ఇంత చిక్కైన శాస్త్రీయ విషయమును నిపుణుల సాక్ష్యము వినకుండ, విచారణ జరుపకుండ, తొందరగా తేల్చరాదనిరి. గౌబాగారి ఉత్తరువును తిరిగి నిలిపి, దావాను విచారణకై ఏకసభ్య న్యాయమూర్తి యొద్దకే పంపిరి. కొన్ని వార్తలలో మొన్‌శాంటో గెలిచినదని వచ్చెను. జాగ్రత్తగా చదివిన, సుప్రీం కోర్టు చెప్పినది ఎవరు గెలిచిరో కాదు. ఎట్లు తేల్చవలెనో మాత్రమే.

న్యాయశాస్త్ర దృష్టితో చూచిన ఆ మాటలో తప్పు పట్టుటకు లేదు. జన్యువు మొక్కలో ఎంతవరకు విడి వస్తువు, ఎంతవరకు మొక్కయే యనునది నిపుణులను విచారింపక తేల్చుట కష్టమే. కాని కాలము న్యాయస్థానము కొరకు ఆగలేదు. సుప్రీం కోర్టు దావాను వెనుకకు పంపునప్పటికి పేటెంటు ఆయువున మిగిలినది పది నెలలు. 2019 నవంబరుతో దాని ఇరువది సంవత్సరములు నిండినవి. 2021 మార్చిలో మొన్‌శాంటోను 2018లో కొనివేసిన జర్మనీ కంపెనీ బాయరును, నూజివీడును రాజీపడి వ్యాజ్యములన్నిటిని విరమించుకొన్నవి. వ్యాజ్యములో ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చునని మన సామెత. ఈ వ్యాజ్యమున గెలిచినవాడును లేడు, ఓడినవాడును లేడు. ప్రశ్న మాత్రము ఉన్నచోటనే ఉండిపోయినది.

మరియొక దారిని జరిగిన ప్రయత్నమును గూడ చెప్పవలెను. 2016లో భారత పోటీ కమిషను మొన్‌శాంటో వర్గపు లైసెన్సు షరతులు పోటీని అణచుచున్నవేమో విచారింపవలెనని ఆదేశించెను. దానిపై వ్యాజ్యము ఏడేండ్లు సాగినది. పేటెంటుదారుని లైసెన్సు షరతులను విచారించుట పేటెంటు చట్టమునకు చెందిన పని యని చెప్పి 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ విచారణకు స్వస్తి పలికెను. 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు ఆ తీర్పును మార్చుటకు అంగీకరింపలేదు.

ఈలోగా చేలలో వేరొక తీర్పు వెలువడినది. గులాబీరంగు కాయతొలుచు పురుగు మొదటి బోల్‌గార్డునకు అలవాటుపడినదని గుజరాత్ చేల సాక్ష్యముతో 2010లోనే కంపెనీయే ప్రకటించెను. కొన్నేండ్లకు రెండవ తరమునకును అది లొంగకపోయెను. 2017-18లో మన తెలంగాణలోను, మహారాష్ట్రలోను ఆ పురుగు పత్తిని విరివిగా పాడుచేసెను. ఆ రోజులలో ప్రతి పొట్లముతోను బి.టి. కాని గింజ 120 గ్రాములు ఇచ్చి, చేను చుట్టును విత్తుమని చెప్పెడివారు. పురుగులన్నియు విషమునకు అలవాటు పడకుండుటకై చేసిన ఏర్పాటది. చిన్న కమతముల రైతులు నేల చాలక తరచు దానిని పారవేసిరి. ఆ విధముగా పేటెంటు చెల్లునా యని పెద్దలు వాదించుచుండగనే, ఆ పేటెంటు కాపాడిన గుణము చేలలో బలము కోల్పోవుచుండెను. కేంద్ర ప్రభుత్వమును జన్యు రుసుమును క్రమముగా దించినది. 2018లో 39 రూపాయలు, 2019లో 20 రూపాయలు, 2020లో సున్న. ఒకప్పుడు 1,250 రూపాయలైన రుసుము పదునాలుగేండ్లలో సున్నకు చేరినది. అది పేటెంటు చట్టపు తీర్పువలన జరిగినది కాదు; ధరల నియంత్రణ వలన జరిగినది.

ఇప్పుడు మొదట మనసున నుంచుకొనుడని కోరిన సంగతికి వత్తము. 2001 నాటి చట్టము రైతునకు గింజ దాచుకొను హక్కు నిచ్చినది. కాని బి.టి. పత్తి మన దేశమున దాదాపు పూర్తిగా సంకరముల రూపముననే వచ్చెను. సంకరపు గింజ దాచి లాభము లేదు. చట్టము తాళపుచెవిని రైతు చేతికిచ్చినది. అతని కొట్టులో దాచదగిన గింజయే లేకపోయెను. అమెరికాలో బౌమన్‌ను ఆపుటకు సుప్రీం కోర్టు తీర్పు కావలసి వచ్చెను. మన పత్తి రైతును ఆపుటకు ఏ కోర్టును అక్కర లేకపోయెను. సంకరపు పుట్టుకలోనే అతని హక్కునకు గండి పడినది.

ఈ గండిని పూడ్చుటకు ప్రయత్నము జరుగకపోలేదు. నాగపురములోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థయు, ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయమును కలసి బికనేరీ నర్మ అను సూటి రకమున బి.టి. జన్యువును చేర్చి 2008లో విడుదల చేసినవి. రైతు దాచుకొని తిరిగి విత్తదగిన బి.టి. పత్తి అది. కాని అందులో మొన్‌శాంటో వారి జన్యుఘటనయే కలసియున్నట్లు తేలుటచే మరుసటి ఏడు దానిని వెనుకకు తీసికొనిరి. దానిని విచారించిన సోపోరీ సంఘము 2012లో ఆ కలగలుపు నిజమేయని నివేదించెను. ప్రజల సొమ్ముతో ప్రజల గింజను సిద్ధపరచుటలో శ్రద్ధ ఎంత అవసరమో ఆ వైఫల్యము నేర్పినది.

ఈ పదునైదేండ్ల చరిత్రను త్రాసున వేసి చూచిన మాకు తోచునది ఇది. రైతునకు మేలు జరిగినచోటునెల్ల ఆ మేలు ప్రభుత్వము తన అధికారమును సకాలమున వినియోగించుటవలన జరిగినది. 2006లో ఒక్క తొలకరి గడువులో రైతుపై భారము సగమునకు పైగా తగ్గెను. పేటెంటు వ్యాజ్యము ఐదేండ్లు నడచియు ఒక్క పైసా తగ్గింపలేదు. ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పలేదు. కోర్టుల తప్పని మేమనము. ఇద్దరు వర్తకుల నడుమ లెక్క తేల్చుట కోర్టు పని. ఆ లెక్క ఎవరి చేలనుండి వచ్చుచున్నదో ఆ మూడవవాడు వాదియు కాడు, ప్రతివాదియు కాడు. అతని మాట న్యాయపీఠమునకు వినబడు మార్గమును చట్టము చేయువారే కల్పింపవలెను.

ఏలయనగా ఈ ప్రశ్న మరల రాకమానదు. కలుపుమందును తట్టుకొను గింజ యనియు, కరవును తట్టుకొను గింజ యనియు రేపు మరియొకటి వచ్చును. దానితోపాటు పేటెంటు పత్రమును, లైసెన్సు ఒడంబడికయు వచ్చును. విత్తనములోని గుణము ఎవరి సొత్తు అను మాటను ఆ గింజ వరంగల్లు చల్కలలో పడకముందే పార్లమెంటు తేల్చి చెప్పవలెను. దాచుకొనదగిన సూటి రకములను ప్రభుత్వ పరిశోధన క్షేత్రములు ముందుగా సిద్ధము చేయవలెను. గింజ భూమిలో పడిన పిమ్మట మొదలగు వ్యాజ్యము, మేము చెప్పిన ఈ వ్యాజ్యమువలెనే, పంట చేతికి రాకమునుపు ముగియునది కాదు.